కమాను తీసినచో ఇరుసును పట్టువారెవరు?

2025 ఆగస్టు చివరి వారమున కామారెడ్డి జిల్లాలో కురిసిన కుండపోత వానకు రైలుకట్ట కోసుకొనిపోయినది, రహదారులు తెగినవి, పొలములకు పోవు బాటలు అనేకము రూపు లేకుండ పోయినవి. ఆ తరువాత కొంతకాలమునకు పనిమీద కామారెడ్డి వెళ్ళి, అక్కడ ఒక మిస్త్రీ గారి షెడ్డులో కొంతసేపు కూర్చుండుట తటస్థించినది. ఎల్లారెడ్డి వైపు నుండి ఒక యువకుడు తన తండ్రి నాటి జీపును తెచ్చి నిలిపెను. వారికి వాగు అవతల కొంత చెలక కలదట. వానకు బాట కొట్టుకొనిపోగా గుండ్లును గోతులును మిగిలినవి. జీపు పోవును గాని, పోయి వచ్చునప్పటికి తండ్రికి నడుము విరిగినంత పని యగుచున్నదని అతని బాధ. విదేశములలో గుట్టలెక్కు ట్రక్కుల బొమ్మలను అతడు చూచియున్నాడు. వాటివలె తన జీపు ముందు ఇరుసు క్రింది కమానులను తీసివేసి కాయిల్ స్ప్రింగులు పెట్టించుకొనవలెనని అతని కోరిక.

మిస్త్రీ గారు జీపు క్రిందికి వంగి చూచి, "తీసుడు ఎంతసేపు బిడ్డా, నాలుగు యూ బోల్టులు. తీసినంక ఇరుసును పట్టేదెవలు?" అని అడిగిరి.

యువకుడు సమాధానము చెప్పలేదు. నిజమునకు ఈ విషయమంతయు ఆ ఒక్క ప్రశ్నలోనే ఉన్నది. ఇంటి ముందు జీపో, ట్రాక్టరో, సామాను బండియో ఉన్న కుటుంబములు నేడు పల్లెలలో తక్కువ కాదు. కావున ఆ ప్రశ్నకు సమాధానమును కొంచెము నిదానముగా విచారింతము.

ముందుగా ఇరుసు సంగతి. ఎడ్లబండిని తలచుకొనుడు. రెండు చక్రములను కలుపుచు అడ్డముగా ఒకే ఇరుసు ఉండును. ఒక చక్రము రాతిమీది కెక్కినచో ఇరుసంతయు ఒరగును. పాత జీపు ముందు భాగమున ఉన్నదియు ఇట్టి ఏకఖండపు ఇరుసే. భేదమేమనగా, ఇది బోలు గొట్టము వంటిది. దాని నడుమ డిఫరెన్షియల్ అను పళ్ళ చక్రముల గుండు ఉండును. లోపల తిరుగు కడ్డీలు ఇంజను శక్తిని రెండు చక్రములకు చేర్చును. కొనలయందు కింగ్ పిన్నులపై చక్రములు కుడియెడమలకు మరలును.

నేటి కార్లలో ముందు చక్రములు రెండును వేరువేరుగా పైకి క్రిందికి ఆడును. తారు రోడ్డు మీద అది సుఖము. అయినను గుట్టలలో, వాగులలో తిరుగువారు ఏకఖండపు ఇరుసునే కోరుటకు కారణము లేకపోలేదు. ఒక చక్రము గుండు ఎక్కినప్పుడు ఇరుసు త్రాసు కాడివలె ఒరిగి, రెండవ చక్రమును నేలకు అదిమి పట్టును. చక్రముతో పాటు డిఫరెన్షియల్ గుండు కూడ లేచును గనుక అది రాతికి తగులు ప్రమాదము తగ్గును. కీళ్ళు తక్కువ, విరుగునవియు తక్కువ. దీని లోపము బరువు. ఒక చక్రమునకు తగిలిన దెబ్బ రెండవ దానికిని చేరును. ఈ లాభనష్టములు రెండును ఇరుసువి, స్ప్రింగువి కావు. ఆ యువకుడు మార్చదలచినది ఇరుసును కాదు, దానిపైనున్న స్ప్రింగును.

ఇక కమాను. ఉక్కు పట్టీలను పొడవు తగ్గించుకొనుచు ఒకదానిపై నొకటి పేర్చి బిగించిన కట్టకు మన మిస్త్రీలు పెట్టిన పేరిది. దాని ఒక కొన ఛాసిస్‌కు పిన్నుతో కట్టియుండును. రెండవ కొన షాకిల్ అను ఊగెడి బిగింపునకు వ్రేలాడును. బరువు పడి కమాను చదునైనప్పుడు దాని పొడవు పెరుగును గనుక ఆ ఊగుట అవసరము. నడుమ ఇరుసు యూ బోల్టులతో బిగింపబడి యుండును.

చూచుటకు ఇది ఒక స్ప్రింగు మాత్రమే. కాని అది చేయు పనులు రెండు. మొదటిది బండి బరువును మోయుట. రెండవది ఇరుసును దాని స్థానమున పట్టియుంచుట. బ్రేకు వేసినప్పుడు ఇరుసు వెనుకకు పోకుండ, మలుపులో ప్రక్కకు జరుగకుండ, తనలో తాను మెలిపడకుండ ఆపునది ఆ పట్టీల కట్టయే. ఒకే మనిషి వంటయు చేసి, దుకాణపు పద్దులును వ్రాసినట్లు ఇది రెండు పనులను నెట్టుకొని వచ్చుచున్నది. కావుననే రెండింటిలోను కొంత కొరత. ఇరుసును గట్టిగా పట్టవలెనన్నచో పట్టీలు బిరుసుగా ఉండవలెను. మెత్తని సవారీ కావలెనన్నచో పట్టీలు సన్నగిల్లి ఇరుసు మెలిపడును. దానికి తోడు పట్టీల నడుమ రాపిడి ఉండును. తుప్పు పట్టిన కమానులో చిన్న గోతికి పట్టీలు కదలవు. దెబ్బ సూటిగా ఛాసిస్‌కు, అక్కడి నుండి నడుమునకు చేరును.

కాయిల్ స్ప్రింగు, అనగా చుట్టలు చుట్టిన ఉక్కు కడ్డీ, ఈ రాపిడి లేనిది. మెత్తగా మోయును, ఎక్కువ దూరము ఆడును. కాని అది నిలువుగా మోయుట తప్ప వేరొక పని ఎరుగదు. ప్రక్కకు నెట్టినచో వంగిపోవును, మెలిపెట్టినచో మెలిపడును. కమాను తీసి కాయిల్ పెట్టినవాడు ఒక పనికి మాత్రమే మనిషిని పెట్టినట్లు. రెండవ పనికి మనిషి లేడు. "పట్టేదెవలు" అని మిస్త్రీ గారు అడిగినది దానిని గురించియే.

ప్రపంచమున దీనికి సమాధానము చెప్పినవారు లేకపోలేదు. రెండవ ప్రపంచ యుద్ధమునకు పనిచేసిన విల్లీస్ జీపు నాలుగు వైపులను కమానులదే. 1940ల చివర మహీంద్రా వారు మన దేశమున కూర్చుట మొదలిడిన జీపులును, 1985లో వచ్చిన మారుతి జిప్సీయు ఆ మార్గమునే అనుసరించినవి. కాని 1966 నమూనాగా వెలువడిన ఫోర్డ్ బ్రాంకోలో ముందు ఏకఖండపు ఇరుసుకు కాయిల్ స్ప్రింగులను అమర్చిరి. 1970లో ఇంగ్లండు నుండి వచ్చిన రేంజ్ రోవర్ ముందు వెనుకల రెండిరుసులకును వాటినే వాడెను. 2023 జూన్‌లో మన దేశమున అమ్మకమునకు వచ్చిన మారుతి సుజుకి జిమ్నీలోను ఏకఖండపు ఇరుసులు, కాయిల్ స్ప్రింగులు కలవు. వీటన్నింటిలోను కాయిల్ ప్రక్కన ఇరుసును పట్టు చేతులు వేరుగా ఉండుటను గమనింపవలెను.

ఆ చేతులు రెండు రకములు. మొదటివి పొడుగు చేతులు. ఇవి ఇరుసు నుండి వెనుకకు పోయి ఛాసిస్‌ను పట్టుకొనును. కొన్ని బండ్లలో ప్రక్క కొక్కటి చొప్పున రెండు బలమైన చేతులు ఉండి, ఒక్కొక్కటియు ఇరుసును ముందొక బుష్‌తోను వెనుకనొక బుష్‌తోను కరచి పట్టును. మరికొన్నింటిలో క్రింద రెండు, పైన ఒకటియో రెండో కడ్డీలుండును. రెండవది అడ్డకడ్డీ. పాన్‌హార్డ్ కడ్డీ అని దీనికి పేరు. ఒక కొన ఛాసిస్‌కు ఒక వైపున, రెండవ కొన ఇరుసుకు మరొక వైపున తగిలించి, ఇరుసు ప్రక్కలకు జరుగకుండ ఆపును.

ఈ చేతులపై పడు బలమెంతయో ఒక మాదిరి లెక్కలో చూతము. గట్టిగా బ్రేకు వేసినప్పుడు ముందు చక్రములు రెండింటిని నేల కలిసి 600 కిలోల బలముతో వెనుకకు లాగుచున్నవనుకొందము. చక్రపు వ్యాసార్ధము 35 సెంటీమీటర్లు. ఇరుసు మధ్యమునకు 10 సెంటీమీటర్లు పైన పై కడ్డీయు, 10 సెంటీమీటర్లు క్రింద క్రింది కడ్డీలును ఉన్నవి. అప్పుడు పై కడ్డీ మీద 750 కిలోల లాగుడును, క్రింది కడ్డీల మీద కలిపి 1350 కిలోల నెట్టుడును పడును. కొనుగోలు కేంద్రములలో మనమెరిగిన 40 కిలోల వడ్ల సంచులు 33కు పైగా ఒక్కసారి వచ్చి ఆ బ్రాకెట్టుల మీద పడినట్లు. ఇది చదునైన రోడ్డు మీది మాట. గోతిలో దిగుచు బ్రేకు వేసినచో ఇంకను హెచ్చును. ఆ బలమునంతటిని మోయునది ఇరుసుకు, ఛాసిస్‌కు వేసిన వెల్డింగు అతుకు. గేటుకు వేసిన అతుకు ఊడినచో గేటు పడును. ఈ అతుకు ఊడినచో ముందు ఇరుసే మెలిపడి, స్టీరింగు చేతిలో నుండగనే బండి తన దారిని తాను పోవును.

తరువాతి ప్రశ్న, ఏ స్ప్రింగు? పాత సామాను దుకాణములో దొరికిన దానిని తెచ్చి బిగించుట సామాన్యముగా జరుగు తప్పు. స్ప్రింగును లెక్కతో ఎంచవలెను. ఎంత బరువు పెట్టినచో అంతకు తగినట్లు స్ప్రింగు కుంగునను సూత్రమును రాబర్ట్ హుక్ అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు 1678లో ప్రకటించెను. మన పని కంతయు ఆ సూత్రమే ఆధారము.

ముందు బరువు తెలియవలెను. వేబ్రిడ్జి మీద జీపు ముందు చక్రములను మాత్రమే నిలిపి తూచినచో 900 కిలోలు వచ్చినదనుకొందము. ఇందులో ఇరుసు, చక్రములు, బ్రేకు డ్రమ్ములు కలిసి 200 కిలోలు. అవి స్ప్రింగు క్రింద ఉన్నవి గనుక స్ప్రింగు మోయునవి కావు. మిగిలిన 700 కిలోలను రెండు స్ప్రింగులు మోయవలెను. ఒక్కొక్కదాని వంతు 350 కిలోలు.

ఇప్పుడు 14 మిల్లీమీటర్ల లావు ఉక్కు కడ్డీని 130 మిల్లీమీటర్ల సగటు వ్యాసముతో, పనిచేయు చుట్టలు 7 ఉండునట్లు చుట్టిన స్ప్రింగును తీసికొందము. లెక్క ప్రకారము అది ఒక మిల్లీమీటరు కుంగుటకు దాదాపు 2.5 కిలోల బరువు కావలెను. 350 కిలోలకు 140 మిల్లీమీటర్లు కుంగి నిలుచును. అట్లు నిలిచిన బండి గోతిలో పడి లేచినప్పుడు నిమిషమునకు సుమారు 80 సార్లు ఊగును. మనిషి నాడి కొట్టుకొను వేగమునకు అది దగ్గరగా ఉండును. శరీరమునకు బాధ కలిగింపదు. అదే బరువునకు 50 మిల్లీమీటర్లు మాత్రమే కుంగు బిరుసు కమాను నిమిషమునకు 130 సార్లకు పైగా ఎగురవేయును. తండ్రి నడుము నొప్పికి కారణము ఈ అంకెలలో ఉన్నది.

కడ్డీ లావులో చిన్న భేదమునకు పెద్ద ఫలితము కలదు. 14కు బదులు 15 మిల్లీమీటర్ల కడ్డీ తీసికొన్నచో, కంటికి తేడా తెలియదు గాని, స్ప్రింగు దాదాపు మూడవ వంతు బిరుసెక్కును. చుట్ట వ్యాసము 130 నుండి 140కి పెంచినచో అయిదవ వంతు మెత్తబడును. కావున కంటితో చూచి కొనరాదు, కొలిచి కొనవలెను.

స్ప్రింగు ఎంత ఆడవలెనో కూడ ముందే నిర్ణయింపవలెను. మన స్ప్రింగు బరువు లేనప్పుడు 440 మిల్లీమీటర్లున్నచో, బండి నిలిచినప్పుడు 300 అగును. గుండు మీద మరి 100 కుంగినచో 200. చుట్టలన్నియు ఒకదానికొకటి తగులుట 120 దగ్గర గనుక ఇంకను చోటున్నది. ఆ లోపలనే ఇరుసు రబ్బరు దిమ్మకు తగిలి ఆగునట్లు చేయవలెను. లేనిచో ఉక్కు ఉక్కును కొట్టును. ఇక క్రిందికి. చక్రము గోతిలోనికి 140 మిల్లీమీటర్లకు మించి దిగినచో స్ప్రింగు వదులై తన గిన్నె నుండి జారిపడవచ్చును. కావున దానిని పట్టు బిగింపు ఉండవలెను. షాక్ అబ్జార్బరు పొడవును అందుకు తగినట్లు ఎంచవలెను. కమానులో రాపిడి ఊపును కొంత చంపుచుండెను. కాయిల్‌లో అది లేదు. కావున షాక్ అబ్జార్బరు లేని కాయిల్ బండి గోతి దాటిన తరువాత కూడ ఊగుచునే ఉండును.

ఇరుసు ఎక్కువ దూరము ఆడినప్పుడు దానితో పాటు ఆడవలసినవి మరికొన్ని కలవు. బ్రేకు గొట్టములు చాలినంత పొడవుండవలెను. పొడవు చాలక తెగినచో బ్రేకు లేదు. ఇంజను నుండి ఇరుసుకు వచ్చు తిరుగు కడ్డీ సాగి ముడుచుకొను జారుడు కీలు చివరివరకు ఊడిరాకుండ చూడవలెను.

అన్నింటికంటె సున్నితమైనది స్టీరింగు. ఇందులో రెండు సంగతులు గుర్తుంచుకొన్న చాలును. పాన్‌హార్డ్ కడ్డీ ఒక కొన ఛాసిస్‌పై స్థిరముగా నుండును గనుక, ఇరుసు పైకి క్రిందికి పోవునప్పుడు రెండవ కొన వృత్తములో కదలును. 800 మిల్లీమీటర్ల కడ్డీ అయినచో, ఇరుసు 100 మిల్లీమీటర్లు లేచునప్పటికి 6 మిల్లీమీటర్లు ప్రక్కకు లాగును. 500 మిల్లీమీటర్ల పొట్టి కడ్డీ అయినచో 10. స్టీరింగు పెట్టె నుండి చక్రమునకు పోవు డ్రాగ్ లింకు కూడ దాదాపు అంతే పొడవు కలిగి, అదే వాలులో, దానికి సమాంతరముగా ఉన్నచో రెండును కలిసి కదలును, హాని లేదు. లేనిచో ప్రతి గోతికిని, మనము త్రిప్పకుండగనే చక్రము తనంతట తాను మరలును. పాత జీపులు కొన్నింటిలో డ్రాగ్ లింకు అడ్డముగా గాక ముందు వెనుకలుగా ఉండును. అట్టి బండికి కాయిల్ పెట్టవలెనన్నచో స్టీరింగు అమరికను కూడ మార్చక తప్పదు.

రెండవది కింగ్ పిన్ను వాలు. సైకిలు ముందు ఫోర్కు పై భాగము వెనుకకు వాలియుండుట మన మెరుగుదుము. ఆ వాలు వలననే చేయి వదలినను సైకిలు కొంత దూరము తిన్నగా పోవును. జీపు కింగ్ పిన్ను కూడ అట్లే వెనుకకు వాలును. సాధారణముగా 3 నుండి 7 డిగ్రీల వరకు. ఇప్పుడు 800 మిల్లీమీటర్ల పొడుగు చేయి గల బండిని ఎత్తైన స్ప్రింగులతో 100 మిల్లీమీటర్లు పైకి లేపిరనుకొందము. ఆ చేయి 7 డిగ్రీలు తిరుగును. ఇరుసును తనతో త్రిప్పును. ముందున్న 5 డిగ్రీల వాలు పోయి, ఎదురు దిక్కునకు 2 డిగ్రీలు వచ్చును. అట్టి బండి చెలకలో నిదానముగా పోవునప్పుడు బాగుగనే ఉండును. 44వ జాతీయ రహదారి మీద వేగము హెచ్చినప్పుడు అటు నిటు తూలును. ఎత్తు మారినప్పుడెల్ల ఇరుసుపై బ్రాకెట్టుల కోణమును గూడ మార్చవలెనని దీని భావము.

ఇంత విన్న తరువాత యువకుడు, "అన్నీ చేస్తే అయితది గద మిస్త్రీ?" అని అడిగెను. అగును. కొలతలు తెలిసిన ఇంజనీరు లెక్క, నిపుణుని వెల్డింగు, ఓర్పుతో కూడిన పరీక్ష ఉన్నచో అగును. కాని మిగిలిన అడ్డంకి ఒకటి. 1988 మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను ప్రకారము, తయారుచేసిన సంస్థ నిర్ణయించిన వివరములకు భిన్నముగా వాహనమును మార్చరాదు. 2019 జనవరిలో సుప్రీం కోర్టు కూడ ఈ సంగతిని స్పష్టపరచినది. ఇరుసు అమరికను మార్చిన జీపు రోడ్డెక్కినచో రిజిస్ట్రేషనుకు చిక్కు. ప్రమాదము జరిగినచో బీమాకు చిక్కు. ఎల్లారెడ్డి నుండి లింగంపేట, తాడ్వాయిల మీదుగా కామారెడ్డికి వచ్చు దారి అందరిది. ఆ దారిలో ఎదురువచ్చు బడిపిల్లల ఆటోకు మన వెల్డింగు అతుకు గట్టిదనము తెలియదు. స్వంత పొలములోనో, మూసిన పోటీ మైదానములోనో తిరుగుటకు ఒక బండిని చేసికొనుట వేరు మాట. పోచారము అభయారణ్యము వంటి చోట్ల అయినచో, ఏ స్ప్రింగు ఉన్నను అనుమతి లేనిదే బాట దిగరాదు.

మరి తండ్రి నడుము మాట? మిస్త్రీ గారు కమాను కట్టలను దింపిరి. పట్టీలను విడదీయగా తుప్పు పొట్టు రాలినది. ఒక పట్టీ విరిగియుండెను. విరిగిన దానిని మార్చి, మిగిలినవాటిని రుద్ది, నడుమ గ్రాఫైటు గ్రీజు పూసిరి. అరిగిన బుష్‌లను, షాకిల్ పిన్నులను తీసి క్రొత్తవి వేసిరి. ఎప్పుడో ఎండిపోయిన షాక్ అబ్జార్బర్ల స్థానమున క్రొత్తవి పెట్టిరి. చెలకలో తిరుగునప్పుడు టైర్లలో గాలిని కొంచెము తగ్గించుకొని, రోడ్డెక్కుటకు ముందు మరల నింపుకొమ్మని చెప్పిరి. ఖర్చు యువకుడు అనుకొన్న దానిలో చిన్న భాగము. అసలు జీపు ఎట్లుండవలెనో అట్లుండుటకు చేయవలసిన పని ఇది. ఏండ్ల తరబడి ఎవరును చేయలేదు.

సాయంత్రమునకు తండ్రీకొడుకులు అదే జీపులో తిరుగు ప్రయాణమైరి. షెడ్డు ముందరి కాలువపై రాతిపలకలను దాటినప్పుడు తండ్రి చేయి అలవాటుగా నడుము మీదికి పోయినది. ఒక క్షణమాగి, ఆయన చేయి తీసివేసెను. "నొస్తలేదని కాదు బిడ్డా, ముందటంత లేదు" అని అనుట వినిపించినది. కొడుకు మాత్రము చేతిలో ఒక కాగితము పట్టుకొని యుండెను. కడ్డీ లావు, చుట్ట వ్యాసము, చుట్టల సంఖ్య దానిపై మిస్త్రీ గారు వ్రాసి ఇచ్చినవి. పాత ఛాసిస్ ఒకటి దొరికినచో, పొలము దాటని బండి నొకదానిని తాను చేసి చూతునని చెప్పెను. "చేయి బిడ్డా," అని మిస్త్రీ గారు అనిరి, "ముందుగాల చేతులు చెయ్యి. స్ప్రింగు ఆఖరుకు."